కాఫీయందలి ధర్మము

మా పాఠశాలలో ఏటేట జరుగు కోతపండుగనాడు వంటపాక ప్రక్కన ఒక కాఫీ యంగడి పెట్టుట చిరకాలపు వాడుక. బోర్డింగునందలి పేదపిల్లల పుస్తకములకును దుప్పట్లకును ఆ యంగడి యాదాయమే యాధారము. తల్లిదండ్రులును సంఘస్థులును వచ్చి, పది రూపాయల కాఫీ త్రాగి యిరువది రూపాయలిచ్చి, చిల్లర యడుగక వెడలిపోవుదురు. గడచిన సంవత్సరపు పండుగనాటి సాయంకాలమున ఆరువందల కప్పులు అమ్ముడుపోయినవని లెక్క తేలగా మేము సంతసించుచు కూర్చుండియుంటిమి. అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక, పాడేరు కొండలలోని గిరిజన కుటుంబమునకు చెందినది, ఖాళీయైన కాఫీపొడి సంచిని చేతబట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ఈ కాఫీ యెవరి తోటలోదండీ?" అని యడిగెను.

సంచిమీద అమ్మినవాని పేరును, వెలయు, తూకమును తప్ప వేరేమియు లేదు. ఎందుల కడుగుచున్నావమ్మా యని మేమనగా, "మా అమ్మ కాఫీపండ్లు కోస్తుందండీ. ఇందులో ఆమెకేమైనా వచ్చిందేమోనని" అని చెప్పి, సంచిని మడిచి బల్లమీద నుంచి వెడలిపోయెను.

మేమాపొడిని ఎట్లు కొంటిమో నిజము చెప్పవలెను. పట్టణములో అన్నిటికన్న చౌకగా దొరకు పొడియేదని విచారించి దానినే తెప్పించితిమి. చౌకగా కొన్నంత లాభము బోర్డింగు పిల్లలకే గదా యని మా యుద్దేశము. ఆ పొడిలో సగమునకు కొంచెము తక్కువగా చికోరీ దుంపపొడి కలిసియుండెను. ఇందు దోషమేమియు లేదు. మన దేశపు చట్టము కాఫీ–చికోరీ మిశ్రమములో నూటికి 49 పాళ్లవరకు చికోరీ నుండనిచ్చును. ఇక కప్పులందురా, లోపల ప్లాస్టిక్కు పూతగల కాగితపు కప్పులు. అవి ఆరువందలును మరునాటి యుదయమున వంటపాక వెనుక గుట్టగా పడియుండెను. ఒక మంచిపనికై పెట్టిన అంగడిలో ఆ బాలిక ప్రశ్నకు చెప్పదగిన ప్రత్యుత్తరము మాయొద్ద లేకపోయెను. పిమ్మట దానిని గూర్చి మేము చదివినదియు విచారించినదియు విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుటకే యీ వ్యాసము.

మన భాషలో ధర్మమను మాటకు రెండర్థములు కలవు. వీధిలో బిచ్చగాడు "ధర్మము చేయండి బాబూ" యనునప్పుడు అది దానము. న్యాయాధిపతి కూర్చుండు పీఠమును ధర్మాసన మనునప్పుడు అది న్యాయము. ఒకే మాట రెండింటికిని చెల్లుటచేత, మొదటిది చేసినవారు రెండవదియు చేసినట్లే తలపోయుట సులభము. లేవీయకాండము పందొమ్మిదవ యధ్యాయమును తీసి చూచినయెడల ఈ రెండును వేరువేరుగా కనబడును. కోతకాలమున పొలపు అంచులను బీదలకు విడువవలెనను విధి యొకచోట నున్నది. కూలివాని కూలిని తెల్లవారువరకు నిలుపరాదనియు, త్రాసులును తూనికరాళ్లును న్యాయమైనవిగా నుండవలెననియు అదే యధ్యాయములో వేరొక చోట నున్నది. పరిగె విడిచినవాడు కూలి ఎగగొట్టవచ్చునని ఎచ్చటను లేదు. మా కాఫీ యంగడి మొదటి విధిని పాటించినది. రెండవదానిని తలపనైన లేదు.

కాఫీచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికాయందలి ఇథియోపియా దేశపు ఎత్తైన అడవులు. అచ్చట పెద్దచెట్ల క్రింద నీడలో పెరుగు పొద యిది. ఎర్రసముద్రము దాటి యెమెను దేశమున సాగైనది. అచ్చటి మోకా రేవునుండి లోకమునకు ప్రాకినది. బాబా బుడన్ అను ఫకీరు పదునేడవ శతాబ్దమున ఏడు గింజలను దాచి తెచ్చి, మైసూరు దేశమందలి చిక్కమగళూరు కొండలపై నాటెనని మనవారు చెప్పుకొందురు. ఆ కొండలకు నేటికిని ఆయన పేరే యున్నది.

ఇంచుమించు అదే కాలమున డచ్చివారు కాఫీని జావా ద్వీపమునకు కొనిపోయిరి. ఈ వ్యాసమునకు ముఖ్యమైన కథ అచ్చటనే మొదలగుచున్నది. 1830లో జావా గవర్నరు జనరలు వాన్ డెన్ బాష్ అను నతడు, గ్రామస్థులు తమ భూమిలో కొంతభాగమును, తమ శ్రమలో కొంతభాగమును ప్రభుత్వము కోరిన పంటలకు విడువవలెనని ఒక పద్ధతి నేర్పరచెను. చెరకు, నీలిమందు, కాఫీ ముఖ్యమైన పంటలు. నిర్ణయించిన వెలకు ప్రభుత్వమునకే అమ్మవలెను. హాలండు ఖజానా నిండినది. జావాలో కొన్నిచోట్ల వరి విత్తుటకు తీరిక లేక కరవులు వచ్చినవి. కాఫీవిషయమైన నిర్బంధము తక్కిన పంటల నిర్బంధములకన్న ఎక్కువకాలము నిలిచినది.

ఆ పద్ధతిక్రింద జావాలో ఉద్యోగము చేసిన ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్ అను నతడు, లెబాక్ జిల్లాలో ప్రజలు దోపిడికి లోనగుట చూచి పైవారికి మొరపెట్టెను. వారు వినకపోగా 1856లో ఉద్యోగము విడిచిపెట్టి, ముల్తాతులి యను మారుపేరుతో 1860లో "మాక్స్ హావెలార్" అను నవలను ప్రకటించెను. ఆ నవలలో డ్రూగ్‌స్టాపెల్ అను ఆమ్‌స్టర్డాము కాఫీదళారి యొకడు కలడు. అతడు దొంగకాడు, త్రాగుబోతుకాడు. క్రమముగా దేవాలయమునకు పోవును, లెక్కలు చక్కగా వ్రాయును. జావా జనులను కష్టపెట్టి పని చేయించుటయే వారి యాత్మరక్షణకు మార్గమని బోధకుడు చెప్పు ప్రసంగమును విని సంతోషించును. మిషను పాఠశాలవారమైన మేము ఈ పాత్రను గూర్చి చదివి నవ్వితిమి. పిమ్మట మా చౌకపొడి సంచి జ్ఞప్తికివచ్చి నవ్వు మానితిమి.

ఆ నవల పేరే నూటయిరువదియెనిమిది సంవత్సరముల తరువాత ఒక కాఫీ పొట్లముమీద ముద్రగా వచ్చినది. అది యెట్లు జరిగెనో చెప్పెదము.

మెక్సికో దేశమున వహాకా రాష్ట్రపు కొండలలో మూలవాసులైన చిన్నరైతులు కాఫీ పండించుదురు. వారికి రోడ్లు లేవు, గిడ్డంగులు లేవు. నగరమునందలి వెల యెంతో తెలియదు. గాడిదలమీద కొండ దిగివచ్చు సరకును దారిలోనే కొను దళారులను వారు "కొయోటె" లందురు. కొయోటె యనగా ఆ దేశపు నక్కజాతి జంతువు. మన సామెతలలోని నక్కకును దానికిని స్వభావములో పెద్ద భేదము లేదు. పంటకు ముందే అప్పు పెట్టి, పంట రాగానే తామన్న వెలకు తీసికొని, తూకములోను కొంత కోయుట వారి వృత్తి. ఈ రైతుల నడుమ డచ్చి దేశస్థుడైన ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్ అను కతోలిక గురువు 1980 ప్రాంతమున కాపురముండెను. పీఠముపై నిలిచి బోధించుటకన్న వారితో కలిసి కాఫీతోటలో పనిచేయుటయే ఆయన కిష్టమైన పరిచర్య. 1983 నాటికి ఆ గ్రామములవారు ఒక సహకార సంఘముగా నేర్పడి దళారిని విడిచి స్వయముగా సరకు ఎగుమతి చేయ మొదలిడిరి. పోను పోను ఆ సంఘము తన సభ్యులకొరకు బస్సులు నడిపినది, వ్యవసాయపాఠశాల పెట్టినది.

అయినను సంఘము పట్టినంతమాత్రమున వెల పెరుగదు. హాలండునందలి సాలిడారిడాడ్ అను క్రైస్తవ ధర్మసంస్థ అట్టి దేశములకు సహాయధనము పంపుచుండెడిది. ఆ రైతులు చెప్పినదాని సారాంశమేమనగా: మీరు పంపు సహాయమునకు వందనములు, కాని మా కాఫీకి న్యాయమైన వెల యిచ్చినచో మీ సహాయముతో మాకు పని యుండదు. ఆ సంస్థయందలి నీకో రోజెన్ అను నతడును వాన్ డెర్ హాఫ్ గారును ఆలోచించి ఒక ముద్రను కల్పించిరి. సొంత కాఫీ యంగళ్లు పెట్టలేదు. ఏ వర్తకుడైనను సరే, నిర్ణీతమైన న్యాయవెల యిచ్చి రైతుసంఘము నుండి కొన్నచో, తన పొట్లముపై ఆ ముద్ర వేసికొనవచ్చును. అందువలన ముద్రగల కాఫీ మామూలు దుకాణములలో మామూలు కాఫీ ప్రక్కనే నిలిచినది. 1988 నవంబరులో వెలువడిన ఆ ముద్రకు "మాక్స్ హావెలార్" అని పేరు పెట్టిరి. ఇట్టి ముద్రలు తక్కిన దేశములలోను పుట్టి, 1997లో అవి యన్నియు ఒక సమాఖ్యగా కూడినవి. ఇప్పుడు లోకమంతట ఫెయిర్‌ట్రేడ్ అని పిలువబడుచున్నది అదియే.

కాలము కలిసివచ్చినదనరాదు, కలిసిరానందువలననే దాని యవసరము తెలిసినది. 1962 మొదలు దేశముల నడుమ ఒక కాఫీ ఒడంబడిక యుండి, ఎవరెంత ఎగుమతి చేయవలెనో నిర్ణయించుచు వెలలను కొంత నిలుపుచుండెను. 1989 జూలైలో ఆ కట్టుబాటు చెడిపోయినది. వెలలు కూలినవి. 2001 నాటికి న్యూయార్కు విపణిలో అరబికా పచ్చిగింజ వెల పౌనునకు 50 సెంట్లకు దిగువకు పడినది. అప్పుడు న్యాయవెల 121 సెంట్లు, దానిపైన సంఘనిధికి 5 సెంట్లు. 2023 ఆగస్టు నుండి కడిగిన అరబికాకు కనీసపు వెల 180 సెంట్లుగా పెంచిరి. సంఘనిధి 20 సెంట్లు. ఆ నిధిని బడికో, బావికో, రోడ్డుకో, దేనికి వ్యయపరుపవలెనో సంఘసభ్యులే కూడి నిర్ణయింతురు, కొనువాడు నిర్ణయింపడు. ధర్మము చేయువాడే దేనికి వ్యయపరుపవలెనో శాసించుటకు అలవాటుపడిన మావంటివారికి ఇది కొంచెము క్రొత్తగా తోచెను.

ఇక గణితము. పై తరగతుల విద్యార్థులు పలకలు తీయవలెను.

ఒక కప్పు కాఫీకి సుమారు 10 గ్రాముల పొడి పట్టును. గింజను వేచునప్పుడు దాని బరువులో నూటికి 15 మొదలు 20 పాళ్లు తగ్గును గనుక 10 గ్రాముల పొడికి 12 గ్రాముల పచ్చిగింజ కావలెను. ఒక కిలో పచ్చిగింజకు ఐదారు కిలోల పండ్లు పట్టును. కాబట్టి మన కప్పునకు 60 మొదలు 70 గ్రాముల పండ్లు, అనగా ఇంచుమించు నలుబది పండ్లు. కొమ్మమీది పండ్లన్నియు ఒకేసారి పండవు. ఎర్రనైనదానిని ఏరి, పచ్చిదానిని విడిచి, చేతితో నొక్కొక్కటిగా కోయవలెను. చికోరీ లేని కాఫీ యైనచో మా పండుగనాటి ఆరువందల కప్పులకు ఇరువదినాలుగు వేల పండ్లను ఎవరో యొకరు కోసియుండవలెను.

పౌను అనగా 454 గ్రాములు. దానిని 12చే భాగించిన సుమారు 38 కప్పులు. 2001 నాటి 50 సెంట్ల వెలలో కప్పునకు సెంటున్నరకన్న తక్కువ వచ్చును. ఆ కాలపు న్యాయవెలయు సంఘనిధియు కలిసి 126 సెంట్లను 38చే భాగించిన 3 సెంట్ల 3 దశాంశములు. భేదము రెండు సెంట్లు. ధనికదేశముల కాఫీశాలలో ఒక కప్పు రెండు డాలర్లకు, అనగా రెండువందల సెంట్లకు అమ్ముడుపోవు చోట, ఆ రెండు సెంట్ల భేదము త్రాగువాని నాలుకకైనను జేబుకైనను తెలియదు. కొండమీది యింటిలో అదే భేదము పిల్లను బడికి పంపుటయో మాన్పుటయో యగును. ఈ వెల రేవులో సంఘమునకు చేరునది. అందులోనుండి రవాణా, పొట్టుతీయుట, సంఘపు ఖర్చులు పోగా మిగిలినదే రైతునకు ముట్టునని మరువరాదు.

ఈ పద్ధతిమీద ఆక్షేపణలు లేకపోలేదు, అవి తేలికైనవియు కావు. ముద్రకొరకు సంఘములు తనిఖీరుసుము కట్టవలెను. సంఘము పండించినదంతయు న్యాయవెలకు అమ్ముడుపోదు. కొనువారు లేనిచో మిగిలినది బజారువెలకే పోవును. చిన్నరైతునకు వెల పెరిగినంతమాత్రమున అతని తోటలో కోతకు వచ్చు కూలివానికి కూలి పెరుగునని నిశ్చయము లేదు. 2025 ఫిబ్రవరిలోవలె బజారువెల పౌనునకు నాలుగు డాలర్లు దాటిన కాలమున కనీసపు వెలతో పని లేదు. బజారువెలయే ఇయ్యవలెనని నియమము. కనీసపు వెల వానలేనినాటి గొడుగువంటిదని కొందరందురు. గొడుగు వానకొరకే గదా కొనునది యని మా యుత్తరము.

కప్పుకు రెండు సెంట్లు ఎక్కువ యిచ్చినను అడవిని నరికి పండించినచో అది మరియొకరికి అన్యాయమగును. కాఫీ స్వభావముచే నీడమొక్క యని ముందు చెప్పితిమి. 1869లో సింహళమున కాఫీ ఆకులకు తుప్పుతెగులు తగిలి, కొన్ని యేండ్లలో ఆ ద్వీపపు తోటలన్నియు నాశనమై తేయాకునకు చోటిచ్చినవి. అదే తెగులు 1970లో బ్రెజిలునందు కనబడగా, దాని భయముచేతను దిగుబడి పెంచవలెనను నాశచేతను అమెరికా ఖండపు దేశములలో అనేకులు నీడచెట్లను కొట్టివేసి, ఎండలో కాచు పొట్టి రకములను నాటి, రసాయనపు ఎరువులు వేయసాగిరి. చెట్లు పోగా పక్షులు పోయినవి. ఉత్తరమునుండి శీతకాలమున వలసవచ్చు పక్షులు ఆ నీడతోటలనే యాశ్రయించెడివని అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థవారు కనుగొని, నానాజాతి చెట్లనీడలో, రసాయనములు లేక పెంచిన కాఫీకి పక్షిస్నేహమైనదను ముద్ర వేయుచున్నారు. మన దేశమున కాఫీ దాదాపు అంతయు నీడలోనే పెరుగుట మన యదృష్టము. నీడ తక్కువైన తోటలో కాండమును తొలుచు తెల్లపురుగు చేరునని మన కాఫీరైతులకు అనుభవమే.

నీటి విషయమును చెప్పవలెను. పండు తోలు తీసి, గింజనంటిన జిగురును పులియబెట్టి కడుగుటకు చాల నీరు కావలెను. ఆ కడుగునీటిని వాగులోనికి విడిచినచో కుళ్లి, చేపలకు ఊపిరి సలుపదు. ఆ నీటిని గుంటలలో నిలిపి, తోలును ఎరువుగా మార్చు రైతు కాఫీతోపాటు వాగును కూడ కాపాడుచున్నాడు. ఆ శ్రమకు సంచిమీద పేరు లేదు.

ఇప్పుడు ఆ బాలిక వచ్చిన కొండలకు పోవుదము. 2022 ఏప్రిలు నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాగా నున్న ఆ ప్రాంతము, అరకు, పాడేరు, చింతపల్లి మొదలగు మన్యపు సీమ, సముద్రమట్టమునకు ఇంచుమించు వెయ్యి మీటర్ల యెత్తున నున్నది. భగత, కొండదొర, వాల్మీకి, కోదు, పోర్జ మొదలగు జాతులవారి నివాసము. చెట్లు కొట్టి కాల్చి, రెండుమూడేండ్లు చోడి, సామ విత్తి, సారము తగ్గగానే వేరొక చోటికి పోవు పోడు సేద్యము వారి పూర్వపు జీవనము. దానికి బదులుగా ప్రభుత్వము కాఫీతోటలను ప్రోత్సహించి, కుటుంబమునకు ఎకరమో రెండెకరములో నాటించినది. నీడకు సిల్వరుఓకు చెట్లు, వాటిపైకి మిరియపుతీగ. మార్చి ఏప్రిలు నెలల పూతవానకు తెల్లని పూలు విరియును. నవంబరు మొదలు జనవరివరకు కోత. సిల్వరుఓకు త్వరగా పెరుగుననియు నిట్టనిలువుగా మిరియమునకు అనుకూలించుననియు నిజమే. కాని ఒక్కజాతి చెట్లతో నిండిన కొండను అడవి యనుటకు మాకు మనసొప్పదు. పనస, మామిడి, నేరేడు కలిసిన తోటలే పక్షులకును ఇంటివారికిని మేలు.

తోట పెరిగినను చాలకాలము లాభము సంతలోని వర్తకునిదే. పండ్లను అట్లే యెండబెట్టి, తూకమును నమ్మి, అప్పునకు చెల్లుగా ఇచ్చివేయుట అచ్చటను కలదు. కొయోటె యను పేరొక్కటే లేదు. దీనికి ఎదురుగా రెండు మార్గములు ఏర్పడినవి. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండులవలె కాఫీని కూడ కొని అరకు పేరుతో అమ్ముచున్నది. రెండవది, నాంది యను ధర్మసంస్థ తోడ్పాటుతో 2007లో గిరిజన చిన్నరైతులు కట్టుకొన్న పరస్పర సహాయక సహకార సంఘము. ఆ సంఘమువారు పండిన పండ్లనే ఏరుటయు, ఒకే యంత్రశాలలో కడుగుటయు, సేంద్రియపుటెరువు చేయుటయు నేర్చిరి. ఫ్రాన్సు మొదలగు దేశముల కంపెనీల పెట్టుబడితో సుమారు 60 లక్షల చెట్లు, వాటిలో పండ్లచెట్లు విస్తారము, ఆ లోయలో నాటబడినవి. 2017లో ఆ కాఫీకి పారిసు నగరమున ప్రత్యేకమైన దుకాణము తెరువబడినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళికపు గుర్తింపు లభించినది. అనగా వేరొక చోటి గింజకు ఆ పేరు పెట్టుట చట్టవిరుద్ధము. అరకులోయ పేరు పారిసులో తెలిసినప్పుడు, అరకుకు దిగువ మైదానమునందలి మా పాఠశాలలో తెలియకపోవుట చిత్రము.

ఇంతయు విచారించి మేము ఈ సంవత్సరపు కోతపండుగకు మన్యపు రైతులసంఘము నుండి గింజలు తెప్పించితిమి. వెల పాతపొడికి రెండింతలకు పైగా నాయెను. కమిటీలో వాదము జరిగెను. ఒక పెద్దలు, "కొండమీద రైతుకు న్యాయము చేసి, బోర్డింగులో పిల్లవానికి దుప్పటి మానుదుమా?" అని యడిగిరి, దానిని తేలికగా త్రోసివేయు మాట మాకు దొరకలేదు. కప్పు వెల పదినుండి పదునైదు రూపాయలు చేసితిమి. కాగితపు కప్పులు మాని స్టీలు గ్లాసులు పెట్టితిమి. ఎనిమిదవ తరగతి బాలురు సాయంకాలమువరకు వాటిని తోముచునే యుండిరి. వారిలో ఇద్దరు ఆటపోటీలను విడిచిపెట్టవలసివచ్చెను. వెల పెరిగినదని కొందరు చిల్లర అడిగి పుచ్చుకొనిరి. తుదకు లెక్క చూడగా నిరుటికన్న ఆదాయము తగ్గినది, ఐదు దుప్పట్లకు సరిపోవునంత. ఆ మొత్తమును కమిటీవారు వేరే చందాతో పూరించిరి; వచ్చు సంవత్సరమున ఎట్లు చేయవలెనో ఇంకను తేలలేదు.

ఆ బాలిక తల్లి ఈ పర్యాయము పండుగకు వచ్చెను. ఇన్నియేండ్లుగా పండ్లు కోయుచున్నను ఇంట చోడి అంబలియే గాని కాఫీ కాచుకొను వాడుక లేదట. బల్లమీద నుంచిన సంచిపై తమ మండలపు పేరును కుమార్తె చదివి వినిపింపగా ఆమె యొకసారి సంచిని తడవి చూచినది. పిమ్మట గ్లాసు పుచ్చుకొని ఒక గుటక త్రాగి ముఖము చిట్లించి, "చేదుగా ఉందండీ అయ్యగారూ, ఇంకొంచెం పంచదార వేయించండి" అనెను. వేయించితిమి. రెండవ గ్లాసుకూడ త్రాగినది.